బీప్ తర్వాత పొట్టిగా చెప్పండి

మా అమ్మమ్మ రుక్కమ్మకు పొద్దున లేవగానే ఎవరో ఒకరి మీద కోపం రావాలి. పాలవాడు, మెట్రో స్టేషన్ మెట్ల కింద ఆటోలు అడ్డం పెట్టేవాళ్లు, టీవీలో ఉప్పు వేయడం మరిచిపోయి నవ్వే వంటావిడ, ఎవరూ దొరక్కపోతే నేను. కోపం రాని రోజున ఒంట్లో బాగాలేదేమోనని మేమే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తాం. అయితే మూసాపేటలో మా గడప దాటకముందు వచ్చే కోపాలు ఉత్తుత్తివే. అసలైనవి ఆఫీసులో, కంప్యూటర్ నల్ల తెర ముందు కూర్చున్నాక వస్తాయి.

ఆమె టెలిఫోన్ శాఖలో ట్రంక్ కాల్ ఆపరేటరుగా చేరిన మనిషి. చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని ఊరికీ ఊరికీ మాట కలిపింది. ట్రంక్ కాల్స్ పోయాక బిల్లుల కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాత ముందస్తు రిటైర్మెంట్ ఇచ్చి ఇంటికి పంపారు. ఇంట్లో కొన్ని నెలలే ఉంది. ఆ కొన్ని నెలల్లోనే మా తాత లింగమూర్తికి పార్కులో నడక మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. ఆయన కాళ్లు అరిగిపోయేలోపు అమ్మమ్మకు మాదాపూర్‌లో ఉద్యోగం దొరకడం మా కుటుంబం అదృష్టం.

ఆ కంపెనీ హైటెక్ సిటీలోని అద్దాల బిల్డింగులకు ఊడ్చి తుడిచేవాళ్లను, కాపలా కాసేవాళ్లను పంపుతుంది. పనికి రాలేనివాళ్లు పొద్దున్నే ఒక నంబరుకు ఫోన్ చేయాలి. మనిషి ఎత్తడు, యంత్రం ఎత్తుతుంది. బీప్ అన్నాక చెప్పింది తనలోని మెసేజుల పెట్టెలో దాచిపెడుతుంది. సూపర్‌వైజర్లు అది విని, రానివాళ్ల బదులు వేరేవాళ్లను పంపుతారు. చెప్పకుండా వరసగా మూడు రోజులు మానేస్తే పేరు కొట్టేస్తారు. ఈ యంత్రం బాగోగులు చూడటమే మా అమ్మమ్మ పని.

దాన్ని బిగించిన దినేశ్ అనే అబ్బాయి మొదటిరోజే చెప్పేశాడట. "అమ్మా, ఇందులో బొమ్మలుండవు, నొక్కడానికి బటన్లుండవు. కమాండ్ రాయాలె, ఎంటర్ కొట్టాలె. గంతే." ఎవరి పెట్టెలో ఎన్ని మెసేజులున్నాయో చూడటానికి ఒక కమాండ్. పిన్ మరిచిపోయిన సూపర్‌వైజరుకు కొత్త పిన్ ఇవ్వడానికి ఒకటి. పాతవి తుడవడానికి ఒకటి. ఏదైనా మారిస్తే ఆ మార్పును యంత్రం చేత మళ్లీ చదివించడానికి ఇంకొకటి. అమ్మమ్మ రెండు చూపుడువేళ్లతోనే టైపు చేస్తుంది. ఎంటర్ కొట్టగానే కాలే పెనం తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కుంటుంది.

"అది కరవదు అమ్మమ్మా" అని ఒకసారి అన్నాను.

"నోరు మూసుకో బుజ్జీ. ఒక్క అక్షరం తప్పు పడితే అందరి పెట్టెలు ఖాళీ అయితయ్. నీ ఇంటర్ లెక్కల పేపర్ అనుకున్నవా, తప్పినా మల్ల రాసుకోనీకె?"

నేను లెక్కల్లో రెండుసార్లు తప్పి, మొబైల్ షాపులో స్క్రీన్ గార్డులు అతికిస్తున్నదాన్ని. కాబట్టి నోరు మూసుకున్నాను. రోజూ స్కూటీ మీద ఆమెను ఆఫీసులో దించేది మాత్రం నేనే. దించి ఊరికే పోను. అక్కడి టీ మెషీన్‌లో అల్లం టీ ఉచితం.

ఫోన్ ఎత్తగానే వినిపించే గొంతు కూడా అమ్మమ్మదే. మొదట చాలా మర్యాదగా రికార్డు చేసింది. కానీ నిజాంపేట నుంచి వచ్చే ఓదెలు అనే గార్డు ఒకరోజు తన బావమరిది పెళ్లిలో జరిగిన గొడవంతా చెప్పి, చివరికి డ్యూటీకి వస్తున్నాడో లేదో చెప్పకుండానే పెట్టేశాడు. పెట్టె నిండిపోయింది, ఆ తర్వాత చేసినవాళ్లకు జాగా లేకుండా పోయింది. అమ్మమ్మ ఆ పూటే రికార్డు చేసిన మాటలు మార్చింది. "నమస్కారం. మీ పేరు చెప్పండి. వస్తారా, రారా చెప్పండి. బీప్ తర్వాత పొట్టిగా చెప్పండి. సోది వద్దు."

సోది ఆగింది. దాని బదులు హలోలు మొదలయ్యాయి. మనవాళ్లకు యంత్రంతో మాట్లాడటం ఒక పట్టాన అలవాటు కాదు. బీప్ వినగానే "హలో?" అంటారు. జవాబు రాకపోతే "హలో, ఎవరు?" అంటారు. పెట్టేసి మళ్లీ చేస్తారు. పొద్దున అమ్మమ్మ పెట్టె తెరిస్తే బోలెడన్ని హలోలు, మధ్యలో ఎవరివో దగ్గులు, ఒకసారి కుక్కర్ విజిల్.

"నేను బీప్ అన్నంక చెప్పుమన్న గద! హలో అంటరేంది? యంత్రం వీళ్లకు బాగున్నవా అని జవాబిస్తదా?" అని ఆ నల్ల తెరను నిలదీసేది. చివరికి దినేశ్‌కు ఫోన్ చేస్తే, సెట్టింగుల ఫైలులో ఒక చోట ఉన్న అంకెను ఐదు చేయమన్నాడు. ఐదు సెకన్లకన్నా తక్కువున్న మాటను యంత్రం దాచదు, అక్కడికక్కడే పారేస్తుంది. అమ్మమ్మ ఐదు వేసింది, మళ్లీ చదివించింది. మరునాడు పెట్టె అద్దంలా ఉంది. ఒక్క హలో లేదు. ఆ సాయంత్రం మా అందరికీ మిర్చి బజ్జీలు కొని తెచ్చింది. ఆమె కోపం అంత పూర్తిగా చల్లారడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ చల్లదనం నెల తిరక్కుండానే పోయింది.

ఒకరోజు నేను టీ పట్టుకుంటుంటే చందానగర్ నుంచి వచ్చే కమలమ్మ మెట్లెక్కి వచ్చింది. అనంతపురం వైపు మనిషి. ఒక టవర్లో ఏడో అంతస్తు ఆమెది. అంటే ఊడ్చి తుడిచేది ఆమె. చేతిలో మడత పెట్టిన నీలం యూనిఫాం, పైన ఐడీ కార్డు. జ్వరం తగ్గిన మనిషిలా కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"ఇదేంది కమలమ్మా, ఇవి ఎందుకు తెచ్చినవ్?" అంది అమ్మమ్మ.

"తీసేసినారంట."

"ఎందుకు?"

"చెప్పకుండా మానేసినానంట."

అమ్మమ్మకు వెంటనే కోపం వచ్చింది, అదీ కమలమ్మ మీదే. "మరి మానేస్తే చెప్పొద్దా? ఫోన్ లేదా నీకు? గంత పెద్ద మిషిని పెట్టుకొని నేనెందుకు కూసున్న ఇక్కడ? ఒక్క ఫోన్ చేస్తే నీ వేళ్లు అరిగిపోతుండెనా?"

"చేసినానమ్మా. మూడు దినాలూ చేసినా."

"చేస్తే ఏం చెప్పినవ్?"

"కమలమ్మ. రాను."

"అంతేనా?"

"అంతే." కమలమ్మ యూనిఫాం బల్ల మీద పెట్టింది. "మీరే కదమ్మా పొట్టిగా చెప్పమన్యారు. సోది వద్దన్యారు."

నేను టీ మింగడం మరిచిపోయాను. ఈ ఊళ్లో మా అమ్మమ్మ మాట విన్న మనిషి ఒక్కతే ఒక్కతి ఉంది. ఆమె ఉద్యోగమే పోయింది. పదిసార్లు హలో అనేవాళ్లు, బావమరిది పెళ్లి చెప్పేవాళ్లు హాయిగా డ్యూటీలో ఉన్నారు. ఇదెక్కడి న్యాయం? నాకే ఒళ్లు మండింది. అమ్మమ్మ ముఖంలో మాత్రం కోపం లేదు. అది చూసి నిజంగా భయమేసింది. తర్వాత లేచి వెళ్లి ఆపరేషన్స్ మేనేజర్ భీమేశ్వరరావు గారిని తన బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. ఆయన కాకినాడ మనిషి, చేతిలో ఇంకా సగం తిన్న ఇడ్లీ ప్లేటు ఉంది.

"ఏమైందండీ రుక్కమ్మగారూ?"

"ఈమె ఫోన్ చేసిందంట సార్."

"సిస్టమ్‌లో లేదండీ. సిస్టమ్‌లో లేదంటే చెయ్యనట్టే కదండీ."

"గట్లనా? జర ఆగుండ్రి. కమలమ్మా, ఇప్పుడు చెయ్. ఆ రోజు ఏం చెప్పినవో అదే చెప్పు. ఒక్క ముక్క ఎక్కువొద్దు, తక్కువొద్దు."

కమలమ్మ తన ఫోన్లో నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. మా అమ్మమ్మ గొంతు గదంతా వినబడింది. "...బీప్ తర్వాత పొట్టిగా చెప్పండి. సోది వద్దు." బీప్.

"కమలమ్మ. రాను." పెట్టేసింది.

అమ్మమ్మ కమాండ్ రాసి ఎంటర్ కొట్టింది. తెర మీద, ఆ పెట్టెలో కొత్త మెసేజులు సున్నా అని వచ్చింది. భీమేశ్వరరావు గారు ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టారు. అమ్మమ్మ సెట్టింగుల ఫైలు తెరిచింది. ఐదును తీసేసి సున్నా వేసింది, మళ్లీ చదివించింది.

"ఇంకోసారి చెయ్ కమలమ్మా."

మళ్లీ బీప్. మళ్లీ "కమలమ్మ. రాను." ఈసారి తెర మీద ఒకటి అని వచ్చింది. అమ్మమ్మ దాన్ని వినిపించింది. రెండు మాటలు, స్పష్టంగా, ఆమె మాటల్లాగే పొదుపుగా.

"ఐదు పెట్టింది నేనే సార్" అంది అమ్మమ్మ. "హలోలు పడలేక పెట్టిన. పొట్టిగ చెప్పుమన్నది నేనే, పొట్టిగ చెప్పినోళ్లను పారేసింది నేనే. తప్పు నాది. నన్ను తీసెయ్యుండ్రి. ఆమెనెందుకు తీస్తరు?"

"అబ్బే, మిమ్మల్ని తీసేయడమేంటండీ." ఆయన కమలమ్మ వైపు తిరిగారు. "అయినా చూడమ్మా, ఇంకొంచెం పొడుగ్గా చెప్పుంటే ఇంత గొడవ లేదు కదా. ఏ బిల్డింగు, ఏం జబ్బు, ఎన్నాళ్లు పడుతుంది..."

"రాను అంటే రానే కద సార్. ఇంగేం చెప్పల్ల?"

"ఆమెకు నేర్పకుండ్రి సార్!" అమ్మమ్మ గొంతు లేచింది. పక్క బల్లలవాళ్లు తలలు తిప్పారు. "జ్వరంల పండుకున్న మనిషి మీ మిషినికి కథలు చెప్పాలెనా? చెప్పాల్సింది చెప్పింది. మనకు చెవుల్లేకపాయె. చెవుల్లేనోళ్లం మనం, పనిపోయింది ఆమెకు. నాకు సిగ్గయితుంది, మీకు అయితలేదా?"

భీమేశ్వరరావు గారు చెడ్డమనిషి కాదు. తల గోక్కున్నారు. "తీసుకుంటానండీ. కానీ ఆ అంతస్తుకి వేరే ఆవిడని పంపేశాం. ఆమెదీ తప్పు లేదు. ఇప్పుడామెని తీసేయమంటారా?"

అమ్మమ్మ నోరు తెరిచేలోపే కమలమ్మ అంది, "ఆమెను తీయొద్దు సార్. నాకు యాడన్నా పని ఈండి."

నానక్‌రామ్‌గూడ వైపు ఒక బిల్డింగులో ఇచ్చారు. చందానగర్ నుంచి రెండు బస్సులు మారాలి. కమలమ్మ యూనిఫాం మళ్లీ చంకలో పెట్టుకుని, "వస్తానమ్మా" అని మెట్లు దిగిపోయింది. ఆ సాయంత్రం స్కూటీ మీద మూసాపేట దాకా అమ్మమ్మ నా వీపుతో పోట్లాడింది. ఆమె అంతస్తు ఆమెకు రావద్దా, రెండు బస్సులు ఎవరి తప్పుకు ఎక్కాలి, ఈ యంత్రాన్ని కనిపెట్టినవాడెవడు.

"ఐదు వేసింది నువ్వే కదా అమ్మమ్మా" అన్నాను, సిగ్నల్ దగ్గర.

"బండి చూసుకొని నడుపు" అంది.

ఆ సున్నాను మళ్లీ మార్చలేదు. గొంతు మాత్రం కొత్తగా రికార్డు చేసింది. అందులో పొట్టిగా అన్న మాట లేదు, సోది వద్దు అన్నదీ లేదు. ఇంకేముంది, హలోలన్నీ తిరిగొచ్చాయి. ఓదెలు కూడా వచ్చాడు. బావమరిదికి ఇప్పుడు విడాకులట. అమ్మమ్మ పొద్దున్నే గంటసేపు చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని ఒక్కొక్కటీ వింటుంది, ఒక్కొక్కరినీ తిడుతుంది. "హలో కాదు బిడ్డా, పేరు చెప్పు, పేరు!" వాళ్లకు వినపడదని తెలుసు. అయినా తిడుతుంది. సూపర్‌వైజర్లు కూడా విన్నాక ఒక్కొక్కటీ తుడుస్తుంది.

ఆ హలోల మధ్యలో రోజూ ఒక మెసేజు ఉంటుంది. రానివాళ్లు మాత్రమే ఫోన్ చేయాలని ఆ లైనుకు నియమం. అయినా ఆ పని పోయిన భయంతో కమలమ్మ వచ్చే రోజున కూడా చేస్తుంది.

"కమలమ్మ. వస్తాండా."

"వచ్చేదానివి వచ్చెయ్యక నాకు చెప్పుడెందుకే తల్లీ!" అని అమ్మమ్మ తెర మీద అరుస్తుంది. అరిచి, పైవీ కిందివీ అన్నీ తుడిచేశాక, దాన్ని ఇంకోసారి విని, అన్నిటికన్నా చివర తుడుస్తుంది.