గోడ టీవీలో నోరు

పంటి నొప్పి అంటే మా ఆవిడను శక్తినగర్ నుంచి రాయచూరులో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె లోపలికి వెళ్లింది, నేను బయట కూర్చున్నాను. గోడ మీది టీవీలో ఎవరిదో నోరు కనిపిస్తోంది. పుచ్చిన పళ్లను కంప్యూటరే కనిపెట్టి ఎర్ర గుర్తులు పెడుతోంది. నోరంతా ఎరుపే.

"ఇది నోరా, మోరీనా?" అన్నాను గట్టిగా. మోరీ అంటే మా వైపు మురికికాలువ. పక్కవాళ్లు నవ్వారు.

తలుపు తీసే ఉంది. డాక్టరమ్మ తొంగిచూసి, "అవి మీ ఇంటామె పండ్లే సార్," అంది.

రోజూ ఎదురుగా కూర్చుని తింటూ నేను గమనించనిది ఆ యంత్రం నిమిషంలో చూపించింది.

కాసేపటికి మా ఆవిడ బయటికొచ్చింది. "మోరీ సాఫైంది, పోదాం పాండ్రి," అంది.

ఇప్పటికీ నా ముందు నవ్వాల్సి వస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది.