పిన్నికి నేను విని చెప్పిన మాట

పొద్దున వంటింట్లో కంచాల దొంతర జారి నేల మీద పడింది. మోతంతా ఆగాక కూడా ఒక కంచం గుండ్రంగా తిరుగుతూ చాలాసేపు మోగింది. నా గుండె దడ తగ్గలేదు. మామూలుగానే నాకు భయమెక్కువ, తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే రకాన్ని. కానీ కంచాల చప్పుడుకి వచ్చే దడ వేరు. దాని వెనకాలే కామేశ్వరి పిన్ని గుర్తుకొస్తుంది.

నరసన్నపేటలో మా ఇంటి పక్కనే ఆవిడ స్టీలు సామాన్ల కొట్టు. చుట్టం కాదు, వరస కలిపి పిన్ని అనేదాన్ని. భర్త పోయాక ఒక్కతే కొట్టు నడిపింది. ఆ మోతల మధ్య ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోయాయి. అయినా ఎవరైనా గిన్నె కొనబోతే దాన్ని కుడి చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టి, "ఇది వద్దు, ఎక్కడో తేడా ఉన్నాది" అని తనే పక్కన పెట్టేసేది. మాట వినపడకపోతే ఆవిడకి సిగ్గు లేదు. "ఏటీ? మళ్ళీ సెప్పు" అని మూడుసార్లైనా అడిగేది. నాకేమో ఎవరినైనా రెండోసారి అడగాలంటే నోరు పెగిలేది కాదు.

ఒక ఏడాది కొట్లో క్యాలెండరు మీద గండికోట లోయ బొమ్మ వచ్చింది. రెండు పక్కలా ఎర్రటి రాతి గోడలు, అడుగున పెన్న. నెల మారినా పిన్ని ఆ కాగితం తిప్పలేదు. అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి, ఇంటర్వ్యూలకని బయల్దేరి గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేస్తున్నాను. ఒకరోజు పిన్ని మా అమ్మ దగ్గరికొచ్చింది.

"రమణిని నాతో అంపు. నాకు సెవులు కావాల, దానికి దైర్నం కావాల. ఇద్దరికీ సరిపోతాది."

అమ్మ రెండు రోజులు ఒప్పుకోలేదు. చివరికి "పిల్ల జాగర్త కామేశ్వరీ" అని అప్పగించింది.

రెండు రైళ్లు, రెండు బస్సులు మారి గండికోట చేరుకున్నాం. లోయ అంచుకి కాస్త దూరంలో అద్దె టెంటు. నేను దాని జిప్పు పట్టుకుని వేసి తీసి చూస్తున్నాను. పిన్ని నేరుగా అంచు దగ్గరికి నడిచింది. సాయంత్రపు ఎండలో ఆ గోడలు పొర మీద పొరగా కిందికంటా దిగిపోయి ఉన్నాయి.

"ఒసే రమణీ, ఎవులే ఇన్ని కంచాలు పేర్సినారు?" అంది. నేను ఆవిడ కొంగు గుప్పిట్లో పట్టుకుని నిలబడ్డాను. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నేను లోయ చూడలేదు, ఆవిడ చెప్పులకీ అంచుకీ మధ్య ఎన్ని అడుగులున్నాయో చూశాను.

మర్నాడు పక్కనున్న ఎండిన వాగులో నడిచాం. పిన్ని దారిపొడుగునా రాళ్లని గోటితో కొట్టి చెవి ఆనించి వింటోంది. మధ్యాహ్నానికి వాగు మీద కొంచెం ఎత్తులో ఉన్న రాతి అరుగెక్కి క్యారేజీ విప్పాం. దూరంగా ఎగువన మబ్బు నల్లగా ఉంది. నేను తినలేకపోయాను. అప్పుడే ఎదుటి గట్టు మీద మేకలు కాసే ఆయన చెయ్యి ఊపుతూ అరిచాడు. గాలిలో మాట ముక్కలై వచ్చింది.

"గడ్డకు పోండి! గడ్డకు!"

మా వైపు గెడ్డ అంటే వాగు. పుట్టినప్పటి నుంచీ విన్న మాట, నా చెవికి అదే వినపడింది.

"ఏటంటన్నాడే?" అంది పిన్ని.

"గెడ్డలోకి ఎల్లమంటన్నాడు పిన్నీ. కిందికి."

"కిందికా? మళ్ళీ అడుగు."

అడగలేదు. ఆయన చెయ్యి పైకి చూపిస్తోంది. అది నేను చూశాను. చూసి కూడా, అంత దూరానికి కేకెయ్యడానికి సిగ్గేసి, "సరిగానే విన్నాను పిన్నీ" అన్నాను. ఆవిడ నా మాట నమ్మి దిగింది, వెనకే నేనూ.

నీళ్ల కంటే ముందు చప్పుడొచ్చింది. పిన్నికి అది వినపడలేదు, నా మొహం చూసి తెలుసుకుంది. ఇద్దరం గోడకి ఆనుకున్న ఒక బండ మీదికి పాకేసరికి ఎర్రటి చిక్కటి నీళ్లు మా కింద నుంచి పోతున్నాయి. క్యారేజీ వాటిలో కొట్టుకుపోయింది. నా మోకాలు చీరుకుపోయింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"భయమేస్తే నా సెయ్యి పట్టుకో. కళ్లు మూసుకోకు. ఇంత దూరమొచ్చి సూడకుండా పోతావేటి?"

తెరిచాను. జానెడు దూరంలో రాతి గోడ. దాని మీద కళింగపట్నం ఇసకలో అల వెనక్కి పోయాక మిగిలే గీతలు, అచ్చంగా అవే, రాయైపోయి ఉన్నాయి. పిన్ని వాటి మీద వేలు పెట్టి రాస్తూ, "ఇక్కడ సముద్రమేటే?" అంది. కింద నీళ్లు పోతూనే ఉన్నాయి. కాసేపు, ఎంతసేపో తెలీదు, నాకు భయం గుర్తురాలేదు. జీవితంలో అలాంటి కాసేపు నాకు అదే మొదటిది.

నీళ్లు తగ్గాక ఆ మేకలాయన దిగొచ్చి కర్ర అందించాడు. "ఏందమ్మా, గడ్డకు పోండంటే వంకలోకి దిగితిరే! గడ్డంటే పైన గట్టు కాదా?" అన్నాడు. నేను ఏడుస్తూ ఆ మాట పిన్నికి చెప్పాను. ఆవిడ కొంగుతో నా మోకాలు తుడిచింది.

ఇంటికొచ్చాక అమ్మ ఆ మోకాలు చూసింది. నేను నోరు తెరిచేలోపే పిన్ని అంది: "ఆయన మాట నాకే సరిగా ఇనపడలేదు. పిల్ల వద్దంటన్నా నేనే దింపినాను." నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఒక్క మాట అనలేదు. అమ్మ ఆవిడతో ఏడాది మాట్లాడలేదు. పిన్ని మాత్రం వారం తిరక్కుండానే నన్ను ఇంటర్వ్యూకి బయల్దేరదీసింది. "తెలీకపోతే మళ్ళీ అడుగు. అంతే పని" అంది.

ఇప్పుడు మందుల షాపులో పనిచేస్తున్నాను. చీటీ మీద రాత అనుమానంగా ఉంటే డాక్టరు విసుక్కున్నా సరే ఫోన్ చేసి అడుగుతాను. పిన్ని పోయి మూడేళ్లైంది. ఆవిడ మోసిన నా తప్పు ఆవిడ పేరు మీదే ఉండిపోయింది.

పొద్దున కంచాలు పడగానే ముందు గదిలోంచి అమ్మ అంది: "ఆ మోతల్లోనే కదే కామేశ్వరికి సెవులు పోయినాయి. ఆ సెవుడే నిన్ను సంపబోయింది."

"అమ్మా, ఆ రోజు మాట విన్నది పిన్ని కాదు, నేను" అన్నాను.

"ఏటీ? మళ్ళీ సెప్పు" అంది అమ్మ. ఈ మధ్య అమ్మకీ సరిగా వినపడటం లేదు.

ఏమీ లేదులే అనెయ్యొచ్చు. చేతిలో కంచం కింద పెట్టి, వెళ్లి అమ్మ పక్కన కూర్చుని, చెవి దగ్గర మళ్ళీ చెప్పాను.