జల్లాఖ్‌లో మూసుకోని వాల్వు

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, నవంబరులో, బహ్రెయిన్ పడమటి తీరం జల్లాఖ్‌లో ఒక బోటు సర్వీసు కంపెనీకి నేను సీనియర్ సూపర్‌వైజర్‌ని. మెకానిక్కుల పని తనిఖీ చేసి సంతకం పెట్టడం నా బాధ్యత. చలికాలపు ఉత్తర గాలులు మొదలైతే చాలామంది యజమానులు మార్చి దాకా బోట్లు తియ్యరు.

చలిదేశాల్లో ఇంజనులో నీరు గడ్డకట్టి లోహం పగులుతుందని భయం. ఇక్కడ భయం ఉప్పుతో. ఇంజనును చల్లబరచడానికి లాగిన సముద్రపు నీరు నెలల తరబడి నిలిస్తే లోపలి భాగాలను తినేస్తుంది. అందుకని బోటు అడుగున నీరు వచ్చే వాల్వు మూసి, గొట్టం ఊడదీసి, మంచినీళ్ల డ్రమ్ముకు కలిపి ఇంజను నడుపుతాం. ఉప్పు పోయాక, తుప్పు పట్టకుండా కాపాడే కూలెంటు ద్రవం కలిపిన నీరు ఎక్కిస్తాం.

ఒక రోజు మెకానిక్కు సెలవు. జెట్టీకి కట్టిన ఒక బోటు ఇంజను గదిలోకి నేనే దిగాను. గది అంటే డెక్కు కింద మోకాళ్ల మీద పాకే ఇరుకు. హెల్పర్ రాజన్న జెట్టీ మీద డ్రమ్ము నింపుతున్నాడు. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు.

వాల్వు పిడి పూర్తిగా తిరిగింది. గొట్టం లాగితే ఎండిన రబ్బరు చీలి చేతిలోకి వచ్చింది, దాని వెనకే సముద్రం. వాల్వు నోటికి అరచేయి అడ్డం పెట్టాను. వేళ్ల సందుల్లోంచి నీరు చిమ్ముతూనే ఉంది. కాసేపటికి తొడలు మునిగాయి.

అప్పుడు కరెంటు బోర్డు కనబడింది. నా దీపానికి జెట్టీ నుంచి లాగిన వైరు దానికే తగిలించి ఉంది. నీటికీ దానికీ మధ్య బెత్తెడే. పైకి పోవాలంటే దాని పక్కనుంచే పాకాలి. రాజన్నా అని గట్టిగా పిలిచాను.

రాజన్న తొంగిచూసి మెట్టు మీద కాలు పెట్టాడు.

"నీళ్లొస్తున్నయి సార్. దిగాల్నా?"

"దిగొద్దు రాజన్నా. ముందు జెట్టీ మీద కరెంటు ప్లగ్గు పీకు."

"మీరెట్ల మరి?"

"ముందది పీకు."

అతని అడుగులు దూరమయ్యాయి. దీపం వెలుగుతూనే ఉంది. బెత్తెడు కాస్తా రెండు వేళ్లయింది. నేను దీపాన్నే చూస్తూ కదలకుండా కూర్చున్నాను. అది ఆరిపోయినప్పుడు నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయని తెలిసింది.

చీకట్లో చెయ్యి మొద్దుబారింది. పైన చప్పుడు లేదు. వెళ్లిపోయాడేమో అనిపించింది.

"ఉన్నరా సార్?"

"ఉన్నాను. టూల్‌బాక్సులో కొయ్యబిరడా ఉంది. సుత్తితో సహా తే."

నీళ్లలోకి దిగి, నా భుజం తడుముకుంటూ వచ్చాడు. బిరడా పెట్టి నేను పట్టుకుంటే, చీకట్లో మొదటి దెబ్బ నా వేలి మీద పడింది. మూడో దెబ్బకు నీరు ఆగింది. బ్యాటరీ పంపు మిగతాది తోడేసింది.

జెట్టీ మీద కూర్చున్నాక రాజన్న తనకు ఈత రాదన్నాడు. ముందే చెప్పొచ్చు కదా అన్నాను.

"చెప్తే మీరు దిగనియ్యకపోదురు సార్."

మరునాడు బోటును ఒడ్డుకెత్తి వాల్వు విప్పాం. లోపలి కడ్డీని ఉప్పు తినేసింది. పిడి ఒక్కటే తిరిగింది.

తర్వాత మా యార్డులో బోటును ఒడ్డుకెత్తకుండా ఆ గొట్టం ముట్టుకోనివ్వలేదు. ఇంజను గదిలోకి బ్యాటరీ దీపాలే తీసుకెళ్లమన్నాను. పిడి తిరిగినంత మాత్రాన వాల్వు మూసుకుందని నమ్మకూడదు. బోటులోకి నీరు వస్తే మొదట తియ్యాల్సింది కరెంటు.