రాని నురగ

మా తొమ్మిదో తరగతి సైన్సు సారు ప్రయోగం మొదలుపెట్టకముందే ఫలితాన్ని బోర్డు మీద రాసేసేవాడు. మేం దాన్ని నోట్సులోకి ఎక్కించుకున్నాకే గాజు గొట్టాలు బయటికి వచ్చేవి. పావగడ తాలూకాలో మా హైస్కూలు పద్ధతి అది. ఎవరికీ తప్పనిపించలేదు, ఆ రోజు దాకా నాకూ అనిపించలేదు.

ఆ రోజు సబ్బు ప్రయోగం. శుద్ధమైన నీళ్లలో సబ్బు నురగ వస్తుంది, లవణాలున్న నీళ్లలో రాదు అని తేల్చాలి. శుద్ధమైన నీళ్లంటే బ్యాటరీలో పోసేవి. ఆ నీళ్ల సీసా ఖాళీ అయితే ప్యూను బోరింగు కొట్టి నింపి పెట్టాడు. వానల్లేక బావులెండిన ఆ ఏళ్లలో ఊరంతటికీ ఆ ఉప్పు నీళ్లే గతి.

సారు రెండు గొట్టాలూ ఊపాడు. రెండింట్లోనూ తెల్లటి మడ్డి తేలింది తప్ప నురగ లేదు. శుద్ధమైన నీళ్లలో నురగ వచ్చిందా అని ఒక్కొక్కరినే లేపి అడిగితే అందరూ "వచ్చింది సార్" అన్నారు. వాళ్లు అబద్ధమాడుతున్నట్టు కూడా లేదు, నిజంగానే చూసినట్టు చెప్పారు. నాకే అనుమానం వచ్చింది. నేను చూసిందేంటి, చదివిందేంటి అని నాలో నేను విడదీసుకున్నాను. నురగ బోర్డు మీద ఉంది, గొట్టంలో లేదు.

"రాలేదు సార్. సీసాలో ఉండేది బోరింగు నీళ్లు. వేరే నీళ్లతో చేసి చూస్తే తెలుస్తాది."

"నాకే ఎదురు చెప్తావా? పోయి మీ నాయన్ను పిల్చుకోని రా. అంతవరకూ క్లాసులోకి రావద్దు."

బడి నుంచి ఒక్క మాట వచ్చినా చదువు మాన్పించి, అమ్మతోపాటు శనక్కాయలు వొలిచే కూలికి పంపుతానని నాయన ముందే చెప్పి ఉన్నాడు.

నాయన వచ్చాడు. వరండాలో నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"రాలేదని నాకు తెలీదామ్మా? దినామూ ఆ నీళ్లతోనే కదా ఒళ్లు రుద్దుకునేది. సబ్బు అరిగిపోతాది గానీ నురగ యాడిది?"

"అయితే నేను చెప్పింది నిజమే కదా నాయనా?"

"నిజమే. వచ్చిందని చెప్పి పోయి కూర్చో."

తిట్టి ఉంటే బాగుండేది. నిజమని ఒప్పుకుని మరీ ఆ మాటన్నాడే, ఆ కోపం నాకింకా చావలేదు.

సారు నన్ను అందరి ముందూ నిలబెట్టాడు.

"నురగ వచ్చిందా?"

"వచ్చింది సార్."

"నీ కండ్లతో చూసినావా?"

గడప బయట నాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"చూసినా సార్."

సారు సంతోషంగా క్లాసు వైపు తిరిగాడు.

"చూడండప్పా, సైన్సంటే ఇదే. ఎవురో చెప్తే నమ్మకూడదు. మన కండ్లతో చూసిందే నమ్మల్ల."