ఎవరి నుంచి వచ్చింది?

పాడేరు నుంచి జీపులో గంట ప్రయాణం చేస్తే వచ్చే బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను జీవశాస్త్రం చెబుతాను. మాది విజయనగరం వైపు. కొండమీదికి వచ్చిన కొత్తలో ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. చలి మొదలైతే చాలు, కాళ్లూ చేతులూ నొప్పులతో ముడుచుకుపోయేది. పాడేరు ఆసుపత్రిలో రక్తం పరీక్షించి సికిల్ సెల్ అన్నారు. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవలిలా వంగిపోయి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కునే జబ్బు అది.

అప్పటినుంచీ ఆ పిల్లది ఒకటే మాట. ఎందుకొచ్చింది? మొక్కు తీర్చలేదని కొండదేవతకు కోపమొచ్చిందని వాళ్ల నానమ్మ చెప్పింది. తల్లి చర్చికి వెళ్లేది. అక్కడి పాస్టరుగారు దేవుడు తనవాళ్లనే పరీక్షిస్తాడని చెప్పి, తలమీద చెయ్యివేసి ప్రార్థన చేశారు. నా వంతు నేనూ చెప్పాను. బల్లమీద ఎర్రవీ తెల్లవీ రాజ్మా గింజలు పోసి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయనీ, రెండూ ఎర్రవే పడితే జబ్బనీ, ఒకటే ఎర్రదైతే ఆ మనిషికి సాధారణంగా ఏ బాధా ఉండదనీ చూపించాను. మళ్లీ చెప్పమంటే తప్పు లేకుండా చెప్పింది. ముఖం మాత్రం తేటపడలేదు.

ఒక ఆదివారం బట్టలు ఆరేస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని, ఈసారి నేనే అడిగాను. "ఎందుకని అడుగుతున్నావు కదా. అందులో నీకు తెలియాల్సిన సంగతి ఏదో అదొక్కటే చెప్పు."

తడిబట్ట అంచు మెలిపెడుతూ అంది.

"తమ్ముడికి కూడా కాళ్లు నొప్పులొస్తన్నాయంట టీచర్. ఆడికి నా కంచంలోదే పెట్టీదాన్ని. నాకాడ నుంచి అంటిందేటి?"

నా పాఠంలో తమ్ముడు లేడు. సెలవులకు ఇంటికెళ్తే వాణ్ణి దగ్గరికి రానివ్వడం లేదట. వాడు చాప లాక్కుంటూ వస్తే గోడవైపు తిరిగి పడుకునేదట.

"అంటదు. ఒకే కంచంలో తిన్నా అంటదు, పక్కన పడుకున్నా అంటదు. వాడికి ఉంటే పుట్టుకతోనే ఉంటుంది. నీవల్ల కాదు."

మళ్లీ చెప్పమంది. చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

పిల్లవాడికీ పరీక్ష చేయించమని చెప్పడానికి వాళ్ల ఊరు వెళ్లాను. ముంగిట్లో కాఫీ పళ్లు ఆరబోస్తున్న తల్లి అంతా విని, చేతులు ఆపేసింది.

"అయితే నానే ఇచ్చినానా?"

పిల్ల మీది బరువు దించి తల్లి నెత్తిన పెట్టానని అప్పుడర్థమైంది. ఆమె పక్కనే నేలమీద కూర్చుని నిదానంగా చెప్పాను. తెలిసి ఎవరూ ఇచ్చింది కాదు, తండ్రి నుంచి కూడా వచ్చింది. మందుల్లేని కాలంలో ఈ కొండల్లో మలేరియా వస్తే, అలాంటి గింజ ఒక్కటి ఉన్నవాళ్లు తట్టుకుని బతికారు. అందుకే అది తరతరాలుగా నిలిచిపోయింది. మీ పెద్దవాళ్లను కాపాడింది కూడా అదే కావచ్చు.

అరుగుమీద వింటున్న నానమ్మ చుట్ట పక్కన పెట్టింది. "అలగైతే మన్ని కాయడానికి దేవతే పంపినాది. ఈ పిల్ల కాడికొచ్చీసరికి రవ్వంత ఎక్కువ పోసీసినాది."

తల్లి కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ మాటను సరిదిద్దాలని నాకు అనిపించలేదు.

పరీక్ష చేయిస్తే తమ్ముడికి ఉన్నది ఒక్క ఎర్ర గింజేనని తేలింది. వాడి నొప్పులు ఎదిగే వయసువేనన్నారు. పిల్ల రోజూ మాత్ర వేసుకుంది, నీళ్లు బాగా తాగింది. అయినా కొన్ని చలికాలాలు ఆసుపత్రిలోనే గడిచాయి. తల్లి ఉపవాస ప్రార్థనలు మానలేదు, నానమ్మ కొండదేవతకు కోడిని మొక్కుకోవడం మానలేదు. వాళ్లిద్దరూ మాత్ర వేసుకున్నావా అని అడగడమూ మానలేదు.

ఆ పిల్ల ఇప్పుడు విశాఖలో నర్సింగు చదువుతోంది. మొన్న ఫోన్ చేసి, పెళ్లికి ముందే అబ్బాయికి ఈ పరీక్ష చేయించమని అడగొచ్చా అంది. తప్పకుండా అడగమన్నాను. అబ్బాయెవరో అడగలేదు. తనే చెప్పింది.