కొలవని వంపు

మొన్న తాండూరులో మా గేటుకు రంగు వేయడానికి వచ్చినాయన తుప్పు గోకకుండానే మీద నీలం పూసేస్తుంటే, నా వేలు దానంతటదే పోయి ఆ ఇనుమును టకటకా కొట్టి చూసింది. గేటుకు నాడి పట్టే వైద్యుణ్ణి చూసినట్టు చూశాడాయన.

ఆ అలవాటు రిఫైనరీలో అంటుకుంది. డిప్లొమా అయిన కొత్తలో, సముద్రం ఒడ్డున ఒక రిఫైనరీలో, గొట్టాలను తుప్పు ఎంత తినేసిందో మీటరుతో కొలిచి రాయడం నా పని. మర్పల్లిలోని మా మేనమామ కొడుకు, అంటే మా బావ, అక్కడే గొట్టాలకు వేడి పోకుండా ఇన్సులేషన్ చుట్టి రేకు కప్పేవాడు. నాకు పూచీ ఉండి పనిలో పెట్టించింది కూడా ఆయనే, కాబట్టి జరిగినదాంట్లో నా తప్పు పూర్తిగా నాది కాదని చాలాకాలం అనుకున్నాను.

మా కొలిచేవాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. ఎత్తయిన చోట పరంజా కట్టకపోతే, పోయినేడు రాసిన అంకెలోంచి కాస్త తగ్గించి రాసేయడమే. తుప్పు మా మాట జవదాటదని అంత ధీమా. వేడి నూనె పోయే ఒక వంపు దగ్గర నేనూ అలాగే రాసి, సంతకం చేసి, టీకి పోయాను. వారం తిరక్కముందే, ఒక మధ్యాహ్నం చూద్దును కదా, బావ సరిగ్గా ఆ వంపు కిందే సద్ది డబ్బా విప్పుకుని కూర్చున్నాడు. ఆయన తలకు పైన, గొట్టం రేకు అతుకులోంచి ఎర్రటి తుప్పు మరక ఒకటి జారి ఉంది.

"ఏం బామ్మర్దీ, నీ పైపుకు చెమటలు పడుతున్నయేంది?" అన్నాడు.

"ఆడికెల్లి లే బావా. నేన్ గది కొలవలే."

ఆయన రొట్టె నమలడం ఆపాడు. "మరి రాసినవ్ గద?"



బావ డబ్బా మూసి, నా చెయ్యి పట్టుకుని, నేరుగా మా పెద్దసారు దగ్గరికి నడిపించాడు. యూనిట్ ఆపారు. రేకు విప్పితే, ఆ వంపు జొన్నరొట్టె అంచులా పలచబడి ఉంది. ఇంకొన్నాళ్ళయితే దాని కింద సద్ది తినేవాళ్ళు మిగిలేవాళ్ళు కాదు. నన్ను ఇంటికి పంపారు, అది న్యాయమే. పూచీ ఉన్నందుకు బావనూ పంపారు.

ఇప్పుడా గొట్టాలకు సెన్సర్లు బిగించారట, అంకెలు వాటంతటవే ఫోనులోకి వస్తాయట, ఊహించి రాసేవాళ్ళతో ఇక పని లేదట. బావ మాత్రం తాండూరులో బండల పాలిష్ మిషన్ దగ్గర, తెల్లటి దుమ్ములో నిలబడి దగ్గుతుంటాడు. ఎట్లున్నవ్ బావా అంటే, మంచిగనే ఉన్న అంటాడు, పోయినేడు కూడా అదే అన్నాడు. నేను తల ఊపి టీకి పోతాను.