పదకొండు రేకుల ఉప్పు బిస్కెట్లు

నా చిన్నప్పుడు ఆదోనిలో ఒక బిస్కెట్ల భట్టీ దగ్గర జరిగిన సంగతిని ఇన్నేళ్ళ తరువాత కాగితం మీద పెట్టవలసిన అవసరం ఇటీవలే ఏర్పడింది. పోయిన నెల ఎమ్మిగనూరులో మా మనవరాలు ఇంట్లోనే ఓవెన్‌లో చీజ్ బిస్కెట్లు కాల్చి ఇంటిల్లిపాదికీ పంచింది. ఒకటి నోట్లో వేసుకున్న మా తమ్ముడు వెంటనే గొంతు సవరించుకొని ఆదోని భట్టీ కథ మొదలుపెట్టాడు. అతని కథనంలో ఒక కోతి వచ్చి బిస్కెట్లు పేర్చిన రేకులన్నీ తారుమారు చేస్తుంది. ఆ రోజు కోతి రాలేదు. అసలు ఆ రోజుకు మా తమ్ముడే ఇంకా పుట్టలేదు. రేకులను తారుమారు చేసినది నేను. ఇన్నేళ్ళుగా ఒక కోతి నా తప్పును మోస్తున్నందున, జరిగినది జరిగిన వరుసలో చెప్పడం నా విధిగా భావిస్తున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మా పక్కింటి అక్క ఆసుపత్రిలో నర్సు. ఆమెది దేవనకొండ వైపు పల్లె. ఇంట్లో అందరూ కూలికి పోయేవారే. ఆ ఇంటి నుంచి తెల్లచీర కట్టి, చేతికి గడియారం పెట్టిన మొదటి మనిషి ఆమె. పని నేర్పినది ఆ ఆసుపత్రి డాక్టరమ్మ. ఆ డాక్టరమ్మకు బదిలీ అయింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒక చీజు డబ్బాను అక్క చేతిలో పెట్టి, దానితో తన తల్లి ఉప్పు బిస్కెట్లు ఎలా చేసేదో నోటిమాటగా చెప్పింది. గురువారం సాయంత్రం రైలుకు డాక్టరమ్మ వెళ్ళిపోతుందనగా, ఆ రైలు దగ్గరికి ఆ బిస్కెట్లే చేసి తీసుకుపోవాలని అక్క నిశ్చయించుకుంది. ఆమె ఇచ్చినది ఆమెకే తిరిగి ఇవ్వడమేమిటని మా అమ్మ అడిగింది.

"ఒక్కతూరి సెప్తే నేర్చుకుంటావని ఎప్పుడూ అంటాండె వదినా. ఆ మాట నిజమని పోయేముందు ఆమె సూడాల," అంది అక్క.

డబ్బా మా వంటింట్లోనే తెరిచారు. అంతకుముందు చీజు ఎరిగినవారు మా వీధిలో లేరు. అదీ ఒక విధమైన జున్నేనని అక్క వివరించబోయింది. మా అవ్వ ఒప్పుకోలేదు.

"జున్నంటే బెల్లం, మిరియం వేసి ఆవిరి పెట్టేది. ఇది వానకు తడిసిన గోనెపట్ట వాసన వస్తాంది."

"కాలితే వాసన పోతాదంట అవ్వా."

"యాడికి పోతాది? మా ఇంట్లోకే గదా పోయేది."

చీజును మా కొబ్బరికోరు మీదనే తురిమి, మైదా, వెన్న, ఉప్పు, వాము కలిపి అక్క ముద్ద చేసింది. ఆ కోరును అవ్వ చింతపండుతో మూడుసార్లు తోమి, రెండు రోజులు ఎండలో పెట్టింది.

ఆ రోజులలో ఇండ్లలో బిస్కెట్లు కాల్చే సాధనం లేదు. పిండి ఇంట్లో కలిపి, తడిగుడ్డ కప్పి భట్టీకి తీసుకుపోవాలి. ఉదయం రొట్టెలు, బన్నులు దించిన తరువాత భట్టీలో మిగిలిన నెమ్మదైన వేడిని ఊరి ఇల్లాళ్ళకు వదిలేవారు. భట్టీ యజమాని ఒక ముసలి సాయిబు. పిల్లలందరికీ భట్టీ తాత. ఆయన పనివారు మన పిండిని ఒత్తి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, ఇనుపరేకు మీద వరుసగా పేర్చి ఇచ్చేవారు. రేకు అంచు మీద ఎవరి గుర్తు వారు సుద్దముక్కతో గీసుకోవాలి. ఒకరిది సున్న, ఒకరిది రెండు గీతలు, ఒకరిది మల్లెమొగ్గ. అక్క చిన్న శిలువ గీసింది. దూదిమిల్లు మేనేజరు భార్య, అందరూ మేనేజరమ్మ అనే ఆవిడ, తన భర్త పేరులోని ఇంగ్లీషు అక్షరాలను రేకు అంచు పొడవునా రాసింది. గురువారం ఉప్పు బిస్కెట్లు తప్ప తీపివి కాల్చకూడదని తాత నియమం. ఆ నియమం నాకు ఎంతో నచ్చింది.

అక్కకు ఆసుపత్రిలో డ్యూటీ అప్పగించే పని మిగిలింది. "రేకు మీద కన్ను పెట్టి ఉండు పాపా. నాలుగ్గంటలకంతా వస్తా," అని నన్ను కూర్చోబెట్టి పోయింది. ఇల్లాళ్ళందరూ ముందు వసారాలో మాటల్లో ఉన్నారు. పదకొండు రేకులు బల్ల మీద వరుసగా ఉన్నాయి. నేను ఆ నెలలోనే తరగతి లీడరుగా నియమింపబడ్డాను. పలక మీద పాతగీత మిగిలితే మా పంతులమ్మ ఒప్పుకునేది కాదు. ఇంత చక్కగా పేర్చిన రేకుల అంచులు సుద్దమరకలతో పాడైపోయాయని నాకు బాధ కలిగింది. పిండి మీద కప్పి తెచ్చిన తడిగుడ్డ నా చేతిలోనే ఉంది. పదకొండింటినీ తుడిచాను. మేనేజరమ్మ అక్షరాలు మొండివి; వాటిని రెండుసార్లు రుద్దాను. అంతటితో ఆగక, వంకరగా ఉన్న రేకులను పొడవును బట్టి సర్దాను. పొగకు కళ్ళు మండుతున్న పనివాడు ఏదీ చూడకుండా ఒక్కొక్కటే పొడవాటి చెక్కతో భట్టీలోకి తోశాడు.

రేకులు బయటికి వచ్చాయి. బిస్కెట్లన్నీ ఒకే గుండ్రం, ఒకే ఎరుపు, అన్నింటిలో వాము. గోనెపట్ట వాసన ఎటుపోయిందో పోయింది.

"నా గుర్తేది?" అన్నది ఒకావిడ. ఆ తరువాత మిగిలినవారందరూ అదే మాట అన్నారు.

రుచి చూసి గుర్తుపట్టడం తప్ప దారి లేకపోయింది. రుచి చూడడం మొదలైంది.

"నా పిండిలో వాము ఎక్కువ పడింది. ఇదే నాది."

"వాము నీ ఒక్కదానికే దొరుకుతాదా?"

"నేను ఇంగొకటి తింటేగానీ సెప్పలేను."

"ఇట్ల సెప్పుకుంటా పోతే రేకే మిగలదమ్మా," అన్నాడు తాత.

ఒక రేకు అంచులు నల్లగా మాడి, రాయిలా గట్టిపడింది. దాని యజమానురాలు ఆ వసారాలోనే ఉండి తీరాలి. అయినా అక్కడున్న ప్రతి ఒక్కరూ అది తమది కాదని ప్రమాణం చేశారు. అన్నిటికంటే కమ్మగా ఉన్న రేకును మాత్రం ముగ్గురు పట్టుకున్నారు. వారిలో ఇద్దరిని మేనేజరమ్మ చూపుతోనే వెనక్కి పంపింది.

"నా చేతి ఉప్పు నాకు తెలీదా? ఈ ఆదోనిలో ఇంత కమ్మగా ఇంకెవరు చేస్తారు?"

సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. నీదేదని తాత అడిగాడు. అక్క వరుసగా నాలుగు రుచి చూసి చేతులు దించేసింది.

"తెలీదు తాతా. దీన్ని నేనెప్పుడూ తినిందే లేదు."

"చేసినామెకే తెలీదంట," అని ఎవరో నవ్వారు. అక్క నవ్వలేదు. చేతి గడియారం వైపు ఒకసారి, స్టేషను దారి వైపు ఒకసారి చూసింది. ఉన్నది ఒక్క డబ్బా, దొరికినది ఒక్క సాయంత్రం. తడిగుడ్డను వీపు వెనక దాచుకున్నాను. తాత చూపు నా వెనక నుంచి వేలాడుతున్న గుడ్డ కొస మీద, అక్కడి నుంచి నా లంగా మీది సుద్ద మీద ఆగి, మెల్లగా అవతలికి పోయింది.

"ఈ తూరి సుద్ద మంచిది రాలేదమ్మా. వేడికి రాలిపోయినాది. తప్పు నాదే," అన్నాడు ఆయన. ఉతికిన తెల్లగుడ్డ పరిచి, రేకులన్నీ దాని మీద కుమ్మరించి అందరూ సమంగా పంచుకుందామన్నాడు. రైలు ఉంది గనుక మొదటి భాగం నర్సమ్మకు.

మేనేజరమ్మ అడ్డుపడింది. "మావి అందరివాటితో ఎందుకు కలపాలప్పా?"

"మీ చేతి రుచి ఈ పదకొండిండ్లకూ తెలియొద్దా అమ్మా? ఒక్క ఇంట్లో పెట్టుకుంటే ఎవరికి తెలుస్తాది?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "అట్లయితే కలుపు. బాగా కలుపు."

మేము స్టేషనుకు చేరేసరికి రైలు వచ్చి ఆగి ఉంది. డాక్టరమ్మ కిటికీ దగ్గర కూర్చొని పొట్లం విప్పింది. మొదటిది తిని వాము బాగుందన్నది. రెండవది మాడిన రేకుది. కొరకడానికి ఆమె కొంత శ్రమపడింది. అక్క ముఖం వాడిపోయింది. మూడవది నోట్లో పెట్టుకున్నాక డాక్టరమ్మ నమలడం ఆపింది.

"మా అమ్మ చేసినట్టే ఉంది. ఎన్నిసార్లు చేసి చూశావు?"

"ఒక్కతూరేనమ్మా."

"నేను చూపించను కూడా లేదు, చెప్పానంతే," అని డాక్టరమ్మ అక్క చేతిని కిటికీలోంచి పట్టుకుంది. తరువాత, మిగిలినవి వేరే రుచిగా ఉన్నాయేమని అడిగింది. అక్క సమాధానం వెతుక్కుంటోంది. ఆ వెతుకులాట నేను చూడలేకపోయాను.

"అవి వేరే ఇండ్లవి. గుర్తులు నేనే తుడిచేసినాను. మురికి అనుకొని," అన్నాను.

డాక్టరమ్మ నవ్వుతుంటే పొడి రాలింది. రైలు కదిలింది. ఆమె ఆ పొట్లాన్ని పెట్టెలోని ముక్కూ మొహం తెలియనివారి ముందుకు చాపుతుండగా చూశాం. తిరిగి వచ్చే దారిలో అక్క అన్నది: "నీ లంగా మీద సుద్ద నేను రాంగానే చూసినాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు సెప్తావని."

మరునాడు నేను ఒంటరిగా భట్టీకి పోయి తాతతో కూడా చెప్పాను. ఆయన ఒక రేకు అడుగున కారి మాడిన చీజును గీకుతున్నాడు. అది మేనేజరమ్మ తనదన్న రేకే. ఆ మాట బయట అనవద్దన్నాడు. తరువాత గీకడం ఆపకుండానే, "గీత వంకరగా ఉండొచ్చు బేటీ. తుడిచేముందు అది ఎవరిదో అడుగు," అన్నాడు. నన్ను తిట్టిన తిట్టు అదొక్కటే.

మేనేజరమ్మ బతికున్నంత కాలం ఉప్పు బిస్కెట్లు చేస్తూనే ఉండేది. మాకు పెట్టిన ప్రతిసారీ ఆ గురువారం కుదిరినట్టు మళ్ళీ కుదరలేదని విచారించేది. నేను తిని, బాగున్నాయని చెప్పేదాన్ని. ఆవిడ ఇప్పుడు లేరు గనుక ఈ మాట రాయగలిగాను.

తరువాత నేను ఉపాధ్యాయురాలినై, ప్రధానోపాధ్యాయురాలినయ్యాను. క్రమశిక్షణ విషయంలో నాకు మంచి పేరు లేదు, ఉండాలనీ కోరుకోలేదు. ఒక వేసవిలో బడికి సున్నం వేయిస్తుండగా, వంటగది తలుపు పక్కన గోడ నిండా బొగ్గుగీతలు కనిపించాయి. సున్నం కుంచె అప్పటికే లేచింది. ఆపమని, అవి ఎవరివో అడిగించాను. బడిలో వంట చేసే ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ముందుకు వచ్చింది. ఏటేటా తన దగ్గర అన్నం తినే పిల్లలను అక్కడ నిలబెట్టి ఎత్తు గీసుకుంటున్నానని, ఎవరు ఎంత పెరిగినారో చూసుకుంటానని చెప్పింది. నేను పదవీ విరమణ చేసేవరకు ఆ మూరెడు గోడకు సున్నం పడలేదు.

ఇది నాకు గుర్తున్నంతలో రాశాను. రేకులు పదకొండో పన్నెండో, శిలువ గీసినది కుడి అంచునో ఎడమ అంచునో నేను పొరబడి ఉండవచ్చు. ఆ భట్టీని ఎరిగిన ఆదోనివారు ఎవరైనా దీనిని చదివితే, తప్పున్న చోట దయచేసి సరిదిద్దండి. ఎర్రసిరాతో దిద్దినా నాకు అభ్యంతరం లేదు.